అమ్మగారి అక్కగారు

ఒరేయ్ అల్లుడూ, ఇలా రా. కూర్చో. మెల్లిగా కూర్చోరా, ప్యాంటు మడత నలిగితే ప్రభుత్వం పడిపోతుంది. ఆ ఇస్త్రీ చూస్తుంటే కారు నువ్వు నడుపుతావో, కారే నిన్ను ఊరేగిస్తుందో తెలియడం లేదు. ఆఫీసరు గారి కారెక్కి వారం తిరగలేదు, అప్పుడే మీ అమ్మతో ఏమన్నావట? "వెనక సీట్లో కూర్చునేవాళ్ళకి ఏమీ తెలీదమ్మా, అంతా ముందు సీట్లోనే నడుస్తుంది" అన్నావట. మా చెల్లి మురిసి ముక్కలై నాకు ఫోను చేసి మరీ చెప్పింది.

నేనూ సరిగ్గా నీలాగే అనుకునేవాణ్ణి. నీకు ఇస్త్రీ ఒకటి ఎక్కువ, అంతే తేడా.

చదువు సంగతి నీకు తెలిసిందే. బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇద్దరికీ గుర్తులేదు. దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదువుతాను, అదీ జీపు ఆగి ఉంటేనే. అలాంటివాణ్ణి పోయి పోయి జిల్లాలోని బళ్ళన్నిటికీ పెద్దయిన ఆఫీసరు గారికి డ్రైవరునయ్యాను. ఆవిణ్ణి మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. బక్కపలచని మనిషి, కళ్ళజోడు, భుజానికి ఒక గుడ్డసంచి. బదిలీ మీద వచ్చినరోజు సామాను దింపింది నేనే. ముందుగది నిండా కథల పుస్తకాల కట్టలు పడ్డాయి. వెనకగదిలో ఒక మంచం. వంటింట్లో ఒక గిన్నె, ఒక కంచం, ఒక గ్లాసు.

"ఇంకో లోడు వస్తుందాండీ?" అనడిగాను.

"ఇంతేనండీ" అన్నారు.

ఆ "ఇంతే" నాకు బాగా తెలిసిన మాట. మీ అత్త పోయాక నా ఇల్లూ అంతే కదరా. తాళం తీసి లోపలికి వెళ్తే, పొద్దున నేను విడిచిన చొక్కా కుర్చీ మీద ఎలా వేశానో అలాగే ఉండి, వచ్చావా అన్నట్టు చూసేది. ఇంట్లో నన్ను పలకరించేది అదొక్కటే.

మా జీపు వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకునేది కాదు. పిడి ఎప్పుడో ఊడిపోయింది, కొత్తది వేయించడానికి పైనుంచి మంజూరు రాలేదు. ఎక్కడ ఆగినా నేను దిగి, చుట్టూ తిరిగొచ్చి తలుపు లాగేదాకా ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేవారు. చూసేవాళ్ళు అబ్బో ఎంత దర్జా అనుకునేవారు. తీరా దిగాక టీచర్లంతా లేచి నిలబడతారు, ఆవిడకి ఒక కుర్చీ వేస్తారు. ఆ పక్కన ఇంకో కుర్చీ వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలో ఆవిడొక్కరూ, బయట జీపులో నేనొక్కణ్ణీ డబ్బాలు తెరిచేవాళ్ళం. మధ్యలో గోడ. కిటికీలోంచి ఎక్కాలు వినబడుతుంటే ఆ వరసకే నములుతూ, ఇద్దరం తినేవాళ్ళం.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం జీపులోకి ప్రాణం వచ్చేది. ఊరి పొలిమేర దాటగానే ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, "అక్కా, నేనే" అనేవారు.

ఆ గొంతు వేరురా. పగలంతా ఆఫీసరు, అప్పుడు మాత్రం చెల్లెలు. మోకాలు నొప్పి, పాలు విరిగిపోవడం, ఎవరో చిన్నపిల్ల తన జడ పట్టుకుని లాగడం, అన్నీ చెప్పేవారు. అక్కగారి గొంతు నాకు వినబడదు. అమ్మగారి "ఆఁ", "లేదక్కా", "నువ్వు మరీనూ" ముక్కల్ని బట్టి ఆవిణ్ణి నేనే తయారుచేసుకున్నాను. లావుపాటి మనిషి, ఎప్పుడూ జలుబు, నవ్వితే పొట్ట కదులుతుంది. నాకు ఆవిడంటే చాలా ఇష్టం ఏర్పడింది. ఆదివారం జీపు ఉండదు కదా, బట్టలు ఉతుక్కుంటూ అక్కగారు ఇవాళ ఏం చేస్తుంటారో అనుకునేవాణ్ణి.

ఘాటు రోడ్డులో నా ఫోనుకి సిగ్నలు ఉండేది కాదు, ఆవిడది మాత్రం గడగడా మాట్లాడేది. పెద్ద ఆఫీసరు కదా, సిగ్నలు కూడా లేచి నిలబడుతుందనుకున్నాను.

ఇప్పుడు మన వృత్తి ధర్మం విను. ఆఫీసరు రేపు ఎక్కడికి వెళ్తున్నారో ఆ బడివాళ్ళకి ముందే చెప్పడాన్ని మా డ్రైవర్లు గాలి కొట్టడం అంటారు. పొద్దున టైర్లకి, సాయంత్రం బళ్ళకి. అది తరతరాలుగా ఉన్నదే. కానీ అమ్మగారు రేపటి సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పేవారు కాదు. మా ఆఫీసు అటెండరుని రేడియో అనేవాళ్ళం, ఆ రేడియోకే తెలిసేది కాదు. చెప్పేదల్లా ఒక్క అక్కగారికే. అంటే అక్కగారికి, నాకూ.

నేను అమ్మగారిని క్వార్టర్సులో దింపి, పెట్రోలు బంకు పక్కన జీపు ఆపి, ఫోను తీసేవాణ్ణి.

"పెద్ద మేష్టారూ, గాలి" అనేవాణ్ణి.

"అన్నా! నువ్వా! చెప్పన్నా, చెప్పు చెప్పు!" అనేవారు అటువైపు.

లాభమేమిటంటావా? అదేరా లాభం. నా ఫోను చూసి అంత సంబరపడేవాళ్ళు లోకంలో ఇంకెవరున్నారు?

ఇలా ఉండగా అమ్మగారిని రాజధానికి పిలిచారు. మంత్రిగారితో మీటింగు. జిల్లాల ఆఫీసర్లందరూ వచ్చారు. సాయంత్రం అందరూ గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ మెట్లు దిగారు. మా అమ్మగారు అందరి తర్వాత ఒక్కరే దిగారు. తలుపు తీశాను. చాలా దూరం వచ్చాకగానీ ఫోను ఎత్తలేదు.

"అక్కా, నేనే. అయిపోయింది. మంత్రిగారు మర్యాదగానే చెప్పారు. సగం మంది పిల్లలు ఒక్క పేజీ చదవలేని బడి మనకెందుకు అన్నారు. అలాంటివన్నీ మూసేసి పిల్లల్ని పెద్ద బడికి పంపించే పాలసీ తెస్తారట. ఎవరు మాట్లాడతారక్కా? అందరూ తలలూపారు. నేనే లేచాను. ఒక్క ఏడాది ఇవ్వండి, మా పిల్లల చేత చదివిస్తానన్నాను. ఇచ్చారు. కానీ ఏడాది చివర పరీక్షలో చదవలేకపోతే, ఆ బళ్ళకి తాళాలు నన్నే వేయమన్నారు. ఒక్కో ఊరూ వెళ్ళి, నా చేత్తో."

అటు అక్కగారు ఏమన్నారో తెలియదు. "ఏడవడం లేదక్కా, జలుబు" అన్నారు అమ్మగారు. జలుబు అక్కాచెల్లెళ్ళకి ఒకేసారి వచ్చిందనుకున్నాను నేను.

పెద్ద బడి అంటే హైవే అవతల. పెంకుల ఫ్యాక్టరీ పిల్లలు అంత దూరం పోరు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కదా, అక్కడికే పనికి పోతారు. బడి దూరమైతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, చూడాలంటే నన్ను చూస్తే చాలు. అందుకే ఇకమీద గాలి గట్టిగా కొట్టాలనుకున్నాను. బళ్ళు ముందే సిద్ధమైతే అమ్మగారికి మంచిదే కదా అని నా తెలివి.

మర్నాడు సాయంత్రం "రేపు పెంకుల ఫ్యాక్టరీ బడికక్కా" అన్నారు. ఆ బడి హెడ్మాస్టరుకి చెవులదాకా మీసాలు, అందుకని మీసాల మేష్టారు. గాలి కొట్టాను. పొద్దున జీపెక్కగానే అమ్మగారు, "డ్రైవరు గారూ, రైలు గేటు అవతలికి పోనివ్వండి" అన్నారు.

"అదేంటండీ, పెంకుల..." అని నాలిక కరుచుకున్నాను.

"పెంకుల?"

"పెంకుల ఇల్లు ఒకటి చూస్తున్నానండీ, అద్దెకి."

"మంచిది. గాలి బాగా వస్తుందా?" అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

"వస్తుందండీ" అన్నాను.

రైలు గేటు బడికి కబురు లేదు కదా, ఉన్నది ఉన్నట్టు దొరికింది. ఒక టీచరు రాలేదు, ఇంకో టీచరు రెండు తరగతుల్నీ కలిపి కూర్చోబెట్టి అల్లిక పెట్టుకుంది. అమ్మగారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. నేరుగా వెళ్ళి వెనక బెంచీలో, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. పక్కనున్న పిల్లకి పుస్తకం ఇచ్చి చదవమన్నారు. ఆ పిల్ల పేజీకేసి కాదు, ఈవిడ మొహంకేసి చూస్తోంది, అక్కడేమైనా జవాబు రాసుందేమోనని. అమ్మగారు పుస్తకం మూసి టీచరుని అడిగిందొక్కటే. "మీకేం కావాలి?" ఆ టీచరు ఆ ప్రశ్నకి సిద్ధంగా లేదు. అల్లిక చేతిలో పట్టుకుని భోరున ఏడ్చింది. చిన్నపిల్లలకి చదువు నేర్పడం తనకెవరూ నేర్పలేదంది, చదివించడానికి పాఠ్యపుస్తకం తప్ప ఇంకేమీ లేదంది. మర్నాడు అమ్మగారి ముందుగదిలోంచి రెండు కట్టలు జీపెక్కాయి. ఇంకో బడిలో బాగా చెప్పే టీచరుని వారానికో రోజు ఇక్కడికి వచ్చి పక్కన నిలబడమన్నారు.

ఆ సాయంత్రం నా ఫోను నిప్పులు కక్కింది.

"ఏంటన్నా ఇది?" మీసాల మేష్టారు. "గోడలు కడిగించాను, గంటకి పాలిష్ పెట్టించాను, నేను మీసాలకి రంగేసుకున్నాను! ఎవరూ రాలేదు!"

తప్పయిపోయిందనడం మన రక్తంలో ఉందా? "ఎవరన్నారు రాలేదని? మారువేషంలో వచ్చి గేటు బయట్నుంచి చూసి వెళ్ళిపోయారు" అన్నాను.

అటువైపు అరుపు ఆగింది. తర్వాత చిన్నగా, "పొద్దున సైకిలు మీద ఒక ముసలావిడ వెళ్ళింది..." అన్నాడు.

"మరి!" అన్నాను.

అల్లుడూ, ఆ రోజు నేను జీపులో ఒక్కణ్ణే కూర్చుని స్టీరింగు మీద గుద్దుకుంటూ నవ్వాను. తర్వాత పక్క సీటు వైపు చూశాను, ఎవరికి చెబుదామా అని. అక్కడ నా డబ్బా ఉంది.

ఇక అదే వరస. అమ్మగారు అక్కగారికి ఒక ఊరు చెప్పేవారు, పొద్దున్నే ఇంకో ఊరికి పోనివ్వమనేవారు. ఏ రోజో ఒకరోజు మాత్రం చెప్పిన ఊరికే వెళ్ళేవారు. ఆడ ఆఫీసరు, మనసు నిలకడ ఉండదు అనుకున్నాను. నవ్వకురా, అప్పట్లో నాకున్న బుర్ర అంతే. నా పరువు దక్కాలి కాబట్టి నేనూ మాట మార్చాను. "మేష్టారూ, రేపు రావచ్చు. రేపు రాకపోతే ఎల్లుండి. ఏ క్షణమైనా దిగుతారు" అనేవాణ్ణి. రావడానికి వీల్లేని ఊళ్ళకి కూడా సరదాకి ఫోను చేసేవాణ్ణి.

అక్కడితో ఆగితే నేను మీ మామయ్యనెందుకవుతాను? ఒక సాయంత్రం అమ్మగారు, "మనిద్దరం వెనక బెంచీలోనే కూర్చునేవాళ్ళం కదక్కా? ఏళ్ళ తరబడి ఒక్కరూ లేపి అడగలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే గుండె ఝల్లుమంటుంది" అన్నారు. అది విన్నాక నాకు దురద పుట్టింది. మీసాల మేష్టారుకి ఫోను చేశాను.

"రహస్యం మేష్టారూ. ఆవిడ ముందు బెంచీల వైపు చూడను కూడా చూడరు. వచ్చీ రాగానే వెనక బెంచీవాణ్ణి లేపుతారు."

"అమ్మో! నేను తెలివైనవాళ్ళని ముందు కూర్చోబెట్టి, ఆ రోజుకి మొద్దుల్ని ఫ్యాక్టరీ వైపు ఆడుకోమని పంపిస్తానన్నా!"

"అది అసలు పనికిరాదు. ఆవిడ గుమ్మం దగ్గర ముందు చెప్పులు లెక్కపెడతారు. తర్వాత లోపల తలకాయలు లెక్కపెడతారు."

"చెప్పులా?"

"రిజిస్టరు నమ్మరు ఆవిడ. చెప్పులే నమ్ముతారు."

చెప్పుల సంగతి పూర్తిగా నా సొంత సరుకు, ఎక్కడా అప్పు తెచ్చింది కాదు. కొన్నాళ్ళకి మా రేడియో టీ తాగుతూ నా చెవిలో, "నీకు తెలీదుగానీ అన్నా, మీ అమ్మగారు చెప్పులు లెక్కపెడతారట. జిల్లా అంతా కోడై కూస్తోంది" అన్నాడు. నేను టీ గ్లాసులోకి దగ్గాను.

కానీ ఒకటి జరిగింది. మొద్దుల్ని దాచడానికి వీల్లేకపోయింది. రోజూ బడిలోనే ఉంచాలి, వెనక బెంచీలోనే. అమ్మగారు ఏ క్షణాన దిగుతారో తెలియదు. ఇక మేష్టార్లకి వేరే దారి లేక, వాళ్ళకి చదువు చెప్పారురా. మొదట విసుక్కుంటూ చెప్పారు. "ఎప్పుడొస్తారన్నా ఆ తల్లి, వీళ్ళకి చెప్పి చెప్పి నోరు పడిపోతోంది" అని మీసాల మేష్టారు నా దగ్గర ఏడ్చేవాడు. తర్వాత్తర్వాత ఫోన్లో మాట మారింది. "అన్నా, వెనక బెంచీలో ఇటుకబట్టీ పిల్ల ఒకతి ఉందిలే, ఇవాళ ఒక వాక్యం పూర్తిగా చదివింది." మరికొన్నాళ్ళకి, "అన్నా, పుస్తకాలు సరిపోవడం లేదు, మీ అమ్మగారికి ఎలాగైనా వినిపించు" అన్నాడు. ఎలా వినిపించను? నేను డ్రైవర్ని. వినడమే తప్ప వినిపించే ఉద్యోగం కాదు నాది. అద్దంలోకి చూస్తూ, "ఆ పెంకుల ఫ్యాక్టరీ వైపు పిల్లలు చినిగిన పేపర్లు కూడా చదివేస్తున్నారటండీ" అన్నాను ఒకసారి. మర్నాడు ముందుగదిలోంచి ఇంకో కట్ట కదిలింది.

కట్టలు తగ్గేకొద్దీ ఆ గది పెద్దదవుతూ వచ్చింది. ఖాళీ గది మధ్యలో నిలబడి జడ వేసుకుంటుంటే ఆవిడ ఇంకా చిన్నగా కనబడేవారు. నేను గుమ్మం దగ్గర తాళంచెవి తిప్పుకుంటూ నిలబడేవాణ్ణి. అంత ఖాళీలో ఏం మాట్లాడినా ఎక్కువయ్యేట్టు ఉండేది.

ఎండలు ముదిరాక ఒకరోజు నిజంగానే పెంకుల ఫ్యాక్టరీ బడికి వెళ్ళాం. మీసాల మేష్టారు మమ్మల్ని చూసి భయపడలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆ మనిషిలో భయం అరిగిపోయింది. రంగు వెలిసిపోయి మీసాలు తెల్లగా ఉన్నాయి.

"వచ్చారా తల్లీ!" అన్నాడు, పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన బంధువుని అన్నట్టు. "చెప్పులు లెక్కపెట్టుకోండి."

అమ్మగారు చెప్పుల వరసకేసి చూశారు. నాకేసి చూశారు. నేను టైరుకేసి చూశాను.

"సరిపోయాయండీ" అన్నారు ఆవిడ, నవ్వు లేకుండా, లోపలికి వెళ్తూ.

వెనక బెంచీలో ఇటుకబట్టీ పిల్ల లేచింది. పుస్తకం మొహానికి అడ్డంగా పెట్టుకుంది. కిటికీలోంచి నాకు ఆ పిల్ల వేలు కనబడుతోంది, అక్షరం అక్షరం మీదా ఆగి ఆగి నడుస్తోంది. పేజీ చివరిదాకా వెళ్ళింది. వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే పేజీ తిప్పింది. మేష్టారు నల్లబల్లవైపు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని డస్టరుతో తుడవడం మొదలుపెట్టాడు.

ఏడాది చివర పరీక్ష జరిగింది. రాజధాని నుంచే మనుషులు వచ్చారు, మా ఆఫీసువాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళు అన్ని బళ్ళకీ వెళ్ళి పిల్లల చేత చదివించుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఎదురుచూడ్డమే. అమ్మగారికి ఊళ్ళు తిరిగే పని లేదు. ఆఫీసు, క్వార్టర్సు, మళ్ళీ ఆఫీసు. నాకు గాలి కొట్టే పనీ లేదు, బంకు పక్కన ఆగినా ఫోను చేయడానికి ఎవరూ లేరు. అయినా సాయంత్రం జీపెక్కగానే "అక్కా, నేనే" మాత్రం ఆగలేదు. దారి చిన్నది కదా, మాట మధ్యలో తెగిపోకూడదని నేను చెరువు కట్ట చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాణ్ణి. ఈ దారేంటని ఆవిడా అడగలేదు. "నిద్ర పట్టడం లేదక్కా, కళ్ళు మూస్తే తాళాలే కనబడుతున్నాయి. ఓడిపోతే ఆ ఇటుకబట్టీ పిల్ల మొహం ఎలా చూడాలి?" అనేవారు. అక్కగారు ఏదైనా మంచిమాట చెబితే బాగుండునని నేను గేరు మార్చకుండా వినేవాణ్ణి.

ఫలితాలు వచ్చాయి. గట్టెక్కాంరా! ఒక్క బడికీ తాళం పడలేదు. మీసాల మేష్టారు ఫోన్లో మాట్లాడలేక ఫోను పిల్లలకిచ్చాడు, వాళ్ళంతా ఒకేసారి నా చెవిలో అరిచారు. అంతేకాదు, మంత్రిగారు మూసివేత పాలసీ పక్కన పెట్టి, అమ్మగారిని రాజధానికి రమ్మన్నారు. రాష్ట్రంలో బళ్ళన్నిటికీ ఇదే పద్ధతి నేర్పమన్నారు. పైనుంచి ఒక సర్క్యులరు కూడా దిగింది. రేడియో దాన్ని ఆఫీసంతా వినబడేట్టు చదివాడు: ఇకనుంచి ఏ బడికి వెళ్ళినా అధికారులు వెనక బెంచీ నుంచే మొదలుపెట్టాలి, హాజరు చూసేటప్పుడు గుమ్మం దగ్గరి పాదరక్షలు కూడా గమనించాలి.

"పెద్ద చదువులు చదివినవాళ్ళ బుర్రే వేరన్నా! ఎంత ఆలోచించి ఉంటారు!" అన్నాడు.

అల్లుడూ, నా జన్మలో అంత పెద్ద చిలిపిపని చేయలేదు. రాష్ట్రం మొత్తం నా చెప్పులు లెక్కపెడుతోంది! ఇంటికెళ్ళి తాళం తీశాను. చెబుదామంటే కుర్చీ మీద చొక్కా ఉంది. దానికే చెప్పాను.

అమ్మగారిని రాజధానిలో కొత్త క్వార్టర్సుకి దింపడానికి నేనే వెళ్ళాను. ఒక మంచం, ఒక గిన్నె, ఒక కంచం, ఒక గ్లాసు వెనకాల లారీలో వేశారు. పుస్తకాలు ఒక్కటీ లేవు. పొలిమేర దాటింది. ఫోను తీయలేదు. ఘాటు రోడ్డు దాటింది. తీయలేదు. జీపులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక నేనే నోరు తెరిచాను.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. అక్కగారికి ఫోను చేయలేదేమండీ ఇవాళ? మీరు గెలిచారని చెప్పారా? ఆవిడ ఎంత సంతోషిస్తారు!"

ఆవిడ కళ్ళు అద్దంలో నా వైపు తిరిగాయి.

"డ్రైవరు గారూ, నాకు అక్క లేదండీ" అన్నారు.

జీపు దానంతటదే రోడ్డు పక్కకి పోయి ఆగింది. బ్రేకు ఎవరు తొక్కారో నాకు తెలియదు.

"వచ్చిన కొత్తలో మర్నాడు ఏ బడికి వెళ్తానో ఫోన్లో చెబుతుంటే అద్దంలో మీ చెవులు చూశాను" అన్నారు. "కుందేలు చెవుల్లా నిలబడ్డాయి. మర్నాడు ఆ బడి గోడలు కడిగి ఉన్నాయి. అప్పుడే అర్థమైంది. నేను వెళ్తే ఒక్క బడి, ఒక్క రోజు బాగుంటుంది. వస్తానని అందరూ రోజూ అనుకుంటే? నాకున్నది ఒక్క జీపు, అదీ తలుపు రానిది. మీ నోరైతే డీజిలు లేకుండా జిల్లా అంతా తిరుగుతుంది. అందుకే అక్కని పుట్టించాను."

"మరి ఆ వెనక బెంచీ..."

"మీరు ఊరుకోరని తెలిసే అన్నాను. చెప్పులు మాత్రం మీవే. అంత గొప్ప ఆలోచన నాకు వచ్చేది కాదు. అందుకే సర్క్యులర్లో పెట్టించాను."

నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. లావుపాటి అక్కగారు, ఆవిడ జలుబు, నవ్వితే కదిలే పొట్ట, అన్నీ నా కళ్ళముందే గాల్లో కలిసిపోయాయి. నీకు నవ్వొస్తుందేమోగానీ, నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అయింది. అంతలో ఒకటి తట్టింది. వెనక్కి తిరిగాను. అన్నేళ్ళ డ్రైవరు ఉద్యోగంలో ఆఫీసరుతో అద్దంలో కాకుండా మొహం చూసి మాట్లాడటం అదే మొదలు.

"పరీక్ష అయిపోయాక గాలితో పనిలేదు కదండీ. మరి ఆ తర్వాత కూడా రోజూ మాట్లాడారు. నిద్ర పట్టడం లేదన్నారు, తాళాలు కనబడుతున్నాయన్నారు. అప్పుడెవరితోనండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. తుడిచినా పెట్టుకోలేదు.

"మీతోనేనండీ. నేను చెప్పేది వినేది మీరొక్కరేగా."

ఇప్పుడు చెప్పు అల్లుడూ, ముందు సీటు గొప్పదా, వెనక సీటు గొప్పదా? రోజూ ఎవరిదో ఫోను దొంగచాటుగా వింటున్నానని మీసం మెలేశాను. తీరా చూస్తే ఆ ఫోను నాకే. నాకొచ్చిన ఫోనుకి ఒక్కరోజు, ఒక్కసారైనా "ఊఁ" కొట్టని వెర్రిబాగులవాణ్ణి నేనేరా.